బడి కిటికీలు అంత ఎత్తున ఎందుకు పెట్టారు?

లండన్ నగరంలో విక్టోరియా రాణి కాలంలో కట్టిన బడి భవనాల గురించి ఈ శీర్షికలో ఇదివరకు ఒక చిన్న ప్రస్తావన చేశాము. దానిమీద వచ్చిన ఉత్తరాలలో కొన్నింటికి ఈసారి జవాబులు ఇస్తున్నాము.

ప్రశ్న: మేము తూర్పు లండన్‌లో ఉంటున్నాము. మా అమ్మాయి చదువుతున్న ప్రాథమిక పాఠశాల మూడంతస్తుల ఇటుక భవనం. చుట్టూ ఉన్న ఇళ్లన్నీ దాని ముందు పొట్టిగా కనిపిస్తాయి. గోడమీద ఎస్.బి.ఎల్. అనే మూడు అక్షరాలు ఒకదానిలో ఒకటి అల్లుకున్నట్టు చెక్కి ఉన్నాయి. కిటికీలు చాలా పెద్దవి, కానీ పిల్లల తలలకు పైనెక్కడో మొదలై పైకప్పు దాకా వెళ్తాయి. "కూర్చుంటే ఆకాశం తప్ప ఏమీ కనబడదమ్మా" అంటుంది మా పాప. పిల్లలు బయటికి చూడకూడదనే అలా కట్టారా?
— ఒక తల్లి, లండన్

జవాబు: ఆ మూడు అక్షరాలు స్కూల్ బోర్డ్ ఫర్ లండన్ అనే సంస్థవి. 1870లో ఇంగ్లండులో ప్రాథమిక విద్యాచట్టం వచ్చింది. అప్పటికే ఉన్న బడులు సరిపోని ఊళ్లలో, ఓటర్లు ఎన్నుకున్న బోర్డు ఇంటిపన్ను వంటి స్థానిక పన్నుతో బడులు కట్టించి నడపవచ్చునని ఆ చట్టం చెప్పింది. లండన్ బోర్డుకు మొదటి అధ్యక్షుడు 1864 నుంచి 1869 వరకు మన దేశానికి వైస్రాయిగా ఉండి వెళ్లిన జాన్ లారెన్సే. 1904లో ఆ బోర్డు రద్దై బడులన్నీ లండన్ కౌంటీ కౌన్సిల్ చేతికి వెళ్లేనాటికి అది కట్టించిన భవనాలు 400 దాటాయి. మీ అమ్మాయి బడి వాటిలో ఒకటి.

ఇక కిటికీల సంగతి. బోర్డు తన మొదటి ఆర్కిటెక్టుగా 1871లో ఎడ్వర్డ్ రాబర్ట్ రాబ్సన్‌ను నియమించింది. ఆయన జర్మనీ, అమెరికా వంటి దేశాలు తిరిగి అక్కడి బడులను చూసి వచ్చి, 1874లో బడి కట్టడాల గురించి ఒక పెద్ద పుస్తకమే అచ్చువేశాడు. తరగతి గదిలో నేల ప్రతి చదరపు అడుగుకు 30 చదరపు అంగుళాల గాజు ఉంటే తప్ప వెలుతురు చాలినట్టు కాదని అందులో లెక్క కట్టి చెప్పాడు. ఇరవై అడుగుల వెడల్పు, ఇరవై అయిదు అడుగుల పొడవు ఉన్న గదికి ఈ లెక్కను అన్వయిస్తే దాదాపు 104 చదరపు అడుగుల గాజు కావాలి. మన ఇళ్లలో మేస్త్రీలు పెట్టే నాలుగడుగుల ఎత్తు, నాలుగడుగుల వెడల్పు కిటికీలు ఆరున్నర పెడితే గాని అంత గాజు రాదు. బొగ్గు పొగతో, శీతకాలపు మంచుతో మధ్యాహ్నం మూడు గంటలకే మసకబారే ఊరికి అది అత్యాశ కాదు.

అంత గాజును గోడలో ఎక్కడ పెట్టాలన్నది తరువాతి ప్రశ్న. కిటికీ పైభాగం నుంచి వచ్చే వెలుతురు గదిలో అవతలి గోడ దాకా పోతుంది. కింది భాగం నుంచి వచ్చేది కిటికీ పక్కన కూర్చున్నవాడి దగ్గరే ఆగిపోతుంది. అందుకని సిల్లును, అంటే కిటికీ అడుగు గట్టును, పైకి జరిపి, కిటికీ తలను పైకప్పుకు దాదాపు తగిలేటట్టు పెట్టారు. కిటికీలను పిల్లల ఎడమ చేతివైపు గోడలో పెట్టాలని కూడా రాబ్సన్ పట్టుబట్టాడు. కుడి చేత్తో బలపం పట్టుకుని పలకమీద రాసే పిల్లవాడికి కుడివైపు నుంచి వెలుతురు వస్తే తన చేతి నీడే తన అక్షరం మీద పడుతుంది. ఎడమచేతి వాటం పిల్లల సంగతేమిటని మీరు అడగవచ్చు; ఆ రోజుల్లో వాళ్ల చేత కూడా బలవంతంగా కుడి చేత్తోనే రాయించేవారు కనుక ఆ ప్రశ్న రాబ్సన్‌కు ఎదురుకాలేదు. ఈసారి బడికి వెళ్లినప్పుడు పెద్ద కిటికీల గోడను మీ ఎడమవైపు ఉంచుకుని నిలబడి చూడండి. మీ ఎదుట ఉన్న గోడే బహుశా మొదటి నల్లబల్ల ఉన్న గోడ అయి ఉంటుంది. ఇప్పుడు బల్లలు గుండ్రంగా వేసి పిల్లలను గుంపులుగా కూర్చోబెడుతున్నారు కాబట్టి ఆ ఏర్పాటు మనకు వెంటనే కంటికి ఆనదు.

పిల్లల దృష్టి వీధిలోకి పోకుండా ఉండటం ఆనాటి ఉపాధ్యాయులకు కలిసివచ్చిన మాట నిజమే. కానీ అసలు కారణం వెలుతురు, దాని తరువాత గాలి. ఒక్కొక్క గదిలో అరవైమంది పిల్లలను, అందులోనూ స్నానానికి నీళ్లు దొరకని ఇళ్ల నుంచి వచ్చిన పిల్లలను కూర్చోబెట్టిన రోజులవి. పైకి చేరిన వేడిగాలిని బయటికి పంపడానికి కిటికీ పై రెక్కలను తాడుతోనో పొడుగాటి కొక్కెపు కర్రతోనో తెరిచేవారు. ఆ కర్ర మీ అమ్మాయి తరగతిలో ఏ మూలనో ఇంకా ఉన్నా ఆశ్చర్యపోనక్కరలేదు.

ప్రశ్న: ఇంగ్లండులో పాత బడులనగానే మొనదేలిన తోరణాలతో చిన్న చర్చిలా ఉండే కట్టడాల ఫొటోలే చూశాను. లండన్ బోర్డు బడులు మాత్రం అలా లేవు. వాటిని క్వీన్ ఆన్ శైలి అంటారని చదివాను. ఆన్ రాణికీ ఈ బడులకూ ఏమిటి సంబంధం?
— విశ్రాంత ఉపాధ్యాయుడు, రాజమహేంద్రవరం

జవాబు: సంబంధం చాలా తక్కువ. ఆన్ రాణి 1702 నుంచి 1714 వరకు పాలించింది. 1870ల ఆర్కిటెక్టులు ఆమె కాలపు ఇటుక ఇళ్లనే కాక, అంతకు ముందరి డచ్చి, ఫ్లెమిష్ ఊళ్ల ఇళ్లను కూడా చూసి, నచ్చిన ముక్కలన్నీ కలిపి ఒక కొత్త పద్ధతి తయారుచేస్తే దానికి ఎవరో ఆ పేరు తగిలించారు, పేరు అతికిపోయింది.

మీరు ఫొటోల్లో చూసినవి ఎక్కువగా చర్చి సంఘాలు కట్టించినవి. 1870కి ముందు పేదపిల్లల చదువు దాదాపుగా మతసంస్థల చేతిలోనే ఉండేది కనుక బడి కూడా గుడికి చెల్లెలిలా గోథిక్ వేషం, అంటే ఆ మొనదేలిన తోరణాల చర్చి శైలి, వేసుకునేది. కొత్త బోర్డు బడులలో ఏ ఒక్క మతశాఖ సూత్రాలనూ బోధించకూడదని చట్టంలోనే షరతు పెట్టారు. పన్ను కట్టేవారిలో అన్ని శాఖలవారూ ఉన్నప్పుడు అందరి డబ్బుతో లేచే భవనం ఒక చర్చిలా కనబడటం సరికాదని రాబ్సన్ వాదించాడు. ఈ మాట అన్నవాడు గోథిక్ రానివాడు కాదు. గోథిక్‌లో ఆ కాలపు మహామహుడైన జార్జ్ గిల్బర్ట్ స్కాట్ దగ్గర పనిచేసి వచ్చినవాడు. మొనదేలిన సన్నటి కిటికీలలో ఎంత వెలుతురు నష్టమవుతుందో అటువంటివాడికి చెప్పనక్కరలేదు. బోర్డు పని చేపట్టిన తొలి ఏళ్లలో ఆయనకు భాగస్వామిగా ఉన్న జె.జె. స్టీవెన్‌సన్ కూడా ఈ కొత్త ఇటుక శైలిని గట్టిగా సమర్థించినవాడే.

దగ్గరికి వెళ్లి చూస్తే పని చాలా పొదుపుగా జరిగిందని తెలుస్తుంది. గోడ ఒళ్లంతా లండన్ స్టాక్ అనే చవక పసుపు ఇటుక. ఊరి కిందే బంకమన్ను ఉంది కాబట్టి దానికి కొదవ లేదు. ఎర్ర ఇటుకను మూలలకూ, కిటికీల చుట్టూ తోరణాలకూ మాత్రమే వాడారు. రాయి అయితే పేర్లు చెక్కిన పలకలకు, మెట్లకు పరిమితం. ఖర్చు పెట్టినదంతా తల మీద పెట్టారు: వంకర తిరిగిన త్రికోణపు గోడలు, ఎత్తైన పొగగొట్టాలు, తెల్లరంగు వేసిన చిన్న గంటగోపురం. ఇరుకు సందుల మధ్య ఉన్న బడిని కింద నిలబడి చూసేవారికంటే ఇళ్లకప్పుల మీదుగా దూరం నుంచి చూసేవారే ఎక్కువ కనుక ఆ లెక్క తెలివైనదే. వెనకవైపు గోడలు చూస్తే మాత్రం గోదాము గుర్తుకువస్తుంది. పన్ను చెల్లించేవారు బోర్డు ఖర్చు మీద ప్రతి ఎన్నికలోనూ గొణుగుతూనే ఉండేవారన్న సంగతి తెలిస్తే ఆ వెనక గోడలను క్షమించగలుగుతాము.

ప్రశ్న: ఆ బడులకు బాలురు, బాలికలు, శిశువులు అని రాతిలో చెక్కిన మూడు వేరువేరు ద్వారాలు ఉంటాయి కదా. లోపల కూడా అంత ఖచ్చితంగా విడదీసేవారా?
— గుంటూరు నుంచి ఒక విద్యార్థిని

జవాబు: ఖచ్చితంగానే. ఒకే కప్పు కింద ఉన్న మూడు బడులు అనుకోండి. ఒక్కొక్క దానికి ఒక ప్రధానోపాధ్యాయుడో ప్రధానోపాధ్యాయినో, తన మెట్లదారి, తన ఆటస్థలం. శిశువుల విభాగంలో ఆడ, మగ పిల్లలు కలిసే ఉండేవారు. మెట్లెక్కలేరు కనుక వాళ్లది ఎప్పుడూ కింది అంతస్తే. పై రెండు అంతస్తులలో బాలికలు ఒకదానిలో, బాలురు ఒకదానిలో. ఎవరు పైన అన్నది బడిని బట్టి మారేది. లండన్‌లో భూమి ఖరీదు కనుక పక్కపక్కన కట్టవలసిన మూడు బడులను ఒకదానిమీద ఒకటి పేర్చారు. ఈ భవనాలకు ఆ ఎత్తు వచ్చిందే అందువల్ల.

ఆ పేర్పు ఎలా ఉండేదో ఒక విషాదం కళ్లకు కట్టినట్టు చూపిస్తుంది. 1917 జూన్ 13న జర్మన్ విమానాలు లండన్ మీద దాడి చేసినప్పుడు పాప్లర్‌లోని అప్పర్ నార్త్ స్ట్రీట్ బడి కప్పు మీద ఒక బాంబు పడింది. అది పై అంతస్తులోని బాలికల తరగతిని, దాని కింద బాలుర తరగతిని చీల్చుకుంటూ దిగి, నేల అంతస్తులో శిశువుల తరగతిలో పేలింది. చనిపోయిన 18 మంది పిల్లలలో ఎక్కువమంది అయిదేళ్లవాళ్లే. పాప్లర్ ఉద్యానవనంలో వారి స్మారకం ఇప్పటికీ ఉంది.

ప్రశ్న: ఇంగ్లండు బడుల పద్ధతి మద్రాసు నుంచి వెళ్లిందని ఒక పెద్దాయన ఉపన్యాసంలో చెప్పగా విన్నాను. ఇది మన గొప్ప కోసం చెప్పుకునే మాటా, నిజమా? నిజమైతే భవనాలలో దాని జాడ ఏమైనా ఉందా?
— ఒక పాఠకుడు, నెల్లూరు

జవాబు: నిజమే, అయితే కథ సగంలో ఆగిపోతుంది. ఆండ్రూ బెల్ అనే స్కాటిష్ మతాచార్యుడు 1789లో మద్రాసు ఎగ్మూరులో సైనికుల అనాథ బాలుర శరణాలయానికి పర్యవేక్షకుడయ్యాడు. అక్కడి వీధిబడిలో పిల్లలు నేలమీద ఇసుక పరచుకుని వేలితో అక్షరాలు దిద్దుకోవడం చూసి తన శరణాలయంలో కూడా ఆ పద్ధతి పెట్టాడు. పెద్ద తరగతి పిల్లవాడి చేత చిన్నవాళ్లకు చెప్పించడం మొదలుపెట్టాడు. ఆయన చూసినది తమిళ బడి కావచ్చు గాని, అరుగుమీద ఇసుక పోసి ఓనమాలు దిద్దించడం, అయ్యవారు పక్క ఊరికి వెళితే పెద్ద శిష్యుడు బెత్తం పట్టుకోవడం మన తాతలకూ తెలిసిన సంగతులే. బెల్ ఇంగ్లండుకు తిరిగి వెళ్లి 1797లో ఆ అనుభవాన్ని అచ్చువేశాడు. లండన్‌లో జోసెఫ్ లాంకాస్టర్ అనే ఆయన దాదాపు అదే కాలంలో అటువంటి పద్ధతినే నడిపాడు. ఒక్క జీతగాడితో వందల మందికి చదువు చెప్పవచ్చునంటే దొరలకు అంతకంటే ఏం కావాలి?

ఆ పద్ధతికి కావలసిన భవనం ఒక్క పెద్ద హాలు. ఒక చివర మాస్టరు కూర్చునే అరుగు, ఎదురుగా వరుసలుగా బెంచీలు, పక్కల పిల్లలు గుంపుగా నిలబడి పాఠం అప్పజెప్పడానికి కొంత ఖాళీ. గోడలు అడ్డం ఉంటే మాస్టరు చూపు ఆనదు కనుక గదులు వద్దు. 1846 నుంచి పదమూడేళ్లు నిండిన పిల్లలను జీతం ఇచ్చి అయిదేళ్లు శిష్యోపాధ్యాయులుగా తయారుచేసే ఏర్పాటు వచ్చింది. ఒకే హాలులో ఇద్దరు ముగ్గురు ఒకేసారి పాఠం చెబుతుంటే గోల భరించలేక మధ్యలో తెరలు కట్టారు, పక్కన ఒకటి రెండు గదులు చేర్చారు. ఇంకోవైపు జర్మన్ రాజ్యమైన ప్రష్యాలో తరగతికొక గది, గదికొక శిక్షణ పొందిన ఉపాధ్యాయుడు అనే పద్ధతి స్థిరపడింది. లండన్ బోర్డు దానిని పరీక్షించడానికి 1872లో స్టెప్నీలో బెన్ జాన్సన్ బడిని టి. రోజర్ స్మిత్ అనే ఆర్కిటెక్టు చేత కట్టించింది: నడుమ హాలు, చుట్టూ గదులు. పద్ధతి బాగుందన్నారు, కానీ ఖర్చు చూసి వెనక్కి తగ్గారు. అన్ని గదులకు చాలినంతమంది ఉపాధ్యాయులూ అప్పటికి లేరు.

అందుకని రాబ్సన్ కట్టిన తొలి బడులలో రెండు పద్ధతులూ సగం సగం కనబడతాయి. ఒక పెద్ద గది, దాని పక్కన కొన్ని తరగతులు. 1884లో ఆయన స్థానంలోకి వచ్చిన టి.జె. బెయిలీ కాలానికి ఉపాధ్యాయుల సంఖ్య పెరిగింది, పిల్లలు కూడా పెరిగారు. అప్పుడు ప్రతి అంతస్తులోనూ నడుమ హాలు, దాని చుట్టూ తరగతులు అనే ప్లాను మామూలైపోయింది. హాలుకూ తరగతికీ మధ్య గోడ పైభాగంలో గాజు పలకలు పెట్టారు. ప్రధానోపాధ్యాయుడు హాలులో నిలబడి కళ్లు తిప్పితే ఏ తరగతిలో ఏం జరుగుతోందో కనబడేది. మద్రాసు పద్ధతిలో మాస్టరు ఒకే హాలులో అందరినీ చూసేవాడు కదా. ఆ చూపును మాత్రం వదులుకోలేక గోడలోకి గాజుగా దించారనిపిస్తుంది నాకు. మీరు అడిగిన జాడ ఉందంటే అదే.

ప్రశ్న: విక్టోరియా కాలంలోనే మన దేశంలో కట్టిన విద్యాలయాలు వీటిలా ఎందుకు లేవు?
— కాకినాడ పాఠకుడు

జవాబు: ఎండ వల్ల. లండన్‌లో వెలుతురును లోపలికి లాగడం ఆర్కిటెక్టు పని. ఇక్కడ దానిని గుమ్మం బయటే ఆపడం పని. రాబర్ట్ చిజమ్ నమూనా గీసిన మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాల 1870లో తెరిచారు, అంటే లండన్ బోర్డు పుట్టిన ఏడాదే. దాని ముఖాన తోరణాల వరండాలు నీడ పరుస్తాయి. పెద్ద కిటికీ పెట్టినా దాని ముందు వరండా, కిటికీకి చెక్కబద్దీల తలుపులు మనకు తప్పనిసరి.

ప్రశ్న: లండన్‌లో పాత బడిని ఫ్లాట్లుగా మార్చిన భవనంలో ఒక ఫ్లాటు అమ్మకానికి ఉంది. పద్నాలుగు అడుగుల ఎత్తు పైకప్పు, పెద్ద కిటికీలు చూసి మా ఆవిడ ముచ్చటపడుతోంది. కొనవచ్చునా?
— సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, లండన్

జవాబు: కట్టడం గురించి మాత్రమే చెప్పగలను. మొదట ఆ భవనం రక్షిత కట్టడాల జాబితాలో ఉందో లేదో చూడండి. ఈ బడులలో కొన్ని ఆ జాబితాలో గ్రేడ్ టూ అనే తరగతి కింద ఉన్నాయి. జాబితాలో ఉంటే 1990 నాటి చట్టం ప్రకారం కిటికీ చట్రం మార్చాలన్నా స్థానిక కౌన్సిల్ అనుమతి కావలసి రావచ్చు. అనుమతి లేకుండా చేస్తే అది జరిమానాతో పోయే తప్పు మాత్రమే కాదు, నేరం. పాత యజమాని చాటుగా చేసిన మార్పును తిరిగి సరిచేయమనే నోటీసు కొన్న మీకు రావచ్చు కనుక, అనుమతి కాగితాలు మీ లాయరు చేత అడిగించండి.

రెండవది, ఆ ఎత్తును చూసి బిల్డర్లు మధ్యలో అటక వేసి రెండంతస్తులు చేస్తారు. అటక అంచు కిటికీ మధ్యకు వస్తే కింద గదికి కిటికీ పాదం, పై గదికి కిటికీ తల మిగులుతాయి. పైగది వెలుగుతుంది, కింద పట్టపగలు లైటు వేసుకోవాలి. మొదటి జవాబు చదివినవారికి కారణం చెప్పనక్కరలేదు. ఒంటిపొర గాజు అయితే శీతకాలపు వేడి ఖర్చు కూడా ఒక ఏడాది బిల్లులు అడిగి చూసుకోండి.

ప్రశ్న: వచ్చే వేసవిలో మా అబ్బాయి దగ్గరికి లండన్ వెళ్తున్నాము. వీటిలో ఒక్కటి చూడాలంటే ఏది చూడమంటారు?
— విశాఖపట్నం నుంచి దంపతులు

జవాబు: షోర్‌డిచ్‌లో ఆర్నాల్డ్ సర్కస్ అనే చోటికి వెళ్లండి. మధ్యలో ఒక గుండ్రటి మట్టిదిబ్బ, దాని మీద వాద్యమంటపం, చుట్టూ ఎర్ర ఇటుకల అయిదంతస్తుల ఇళ్లు ఉంటాయి. అక్కడ ఒకప్పుడు ఓల్డ్ నికల్ అనే మురికివాడ ఉండేది. దానిని పడగొట్టి, దాదాపు 6,000 మందిని ఖాళీ చేయించి, 1900 నాటికి లండన్ కౌంటీ కౌన్సిల్ ఆ కొత్త ఇళ్లు కట్టింది. దిబ్బ కూలగొట్టిన ఇళ్ల రాళ్లూ మట్టీ పోసి చేసినదే. వాడ మొత్తం పోయినా దాని పిల్లల కోసం కట్టిన రెండు బోర్డు బడులు మాత్రం నిలిచాయి. అందులో రాబ్సన్ 1879లో కట్టిన రోషెల్ బడి ఇప్పుడు చిత్రకారుల స్టూడియోలుగా ఉంది.

మంటపం మెట్లమీద కూర్చుని ఇళ్లనూ బడులనూ మార్చి మార్చి చూడండి. రెండూ ఇటుకే, రెండూ ఎత్తే. కానీ ఇళ్ల కిటికీలు ఒక మనిషి కొలతతో ఉంటాయి, బడి కిటికీలు అరవైమంది కొలతతో ఉంటాయి. ఇటువంటి ఇరుకు స్థలాలలో కింద జాగా చాలక కొన్ని బడులకు కప్పుమీదే ఆటస్థలం కట్టి చుట్టూ ఎత్తైన కమ్ములు వేసేవారు కనుక, దారిలో మరే బోర్డు బడి కనిపించినా ఒకసారి తలెత్తి చూడండి. రెండో బడి వర్జీనియా పేరుతో ఇప్పటికీ ప్రాథమిక పాఠశాలగానే నడుస్తోంది; బడి వేళల్లో గేటు దగ్గర కెమెరా తీయకండి, ఆదివారం అయితే ఎవరికీ ఇబ్బంది ఉండదు.